ముందు ఎయిర్‌ఫోర్స్, తర్వాత

నేను రొయ్యలు ఒలుస్తుండగా ముందు హాల్లోంచి మా ఆయన గొంతు వినిపించింది.

"మా అమ్మాయి పైలట్ అవుతానంటోందండి. కానీయమన్నాను. ముందు ఎయిర్‌ఫోర్స్, తర్వాత ఎయిర్‌లైన్స్. సొంతంగా నేర్పించాలంటే మనవల్ల అయ్యే ఖర్చు కాదు. గవర్నమెంటు వాళ్లయితే వాళ్లే నేర్పి, వాళ్లే జీతమిస్తారు. పద్నాలుగేళ్లు చేసి బయటికొచ్చిందంటే ఏ కంపెనీ అయినా కళ్లకద్దుకుని తీసుకుంటుంది. మన నర్సరీ చెరువు లెక్కేనండి. రొయ్యపిల్లల సీడు చిన్న చెరువులో పెంచి, గట్టిపడ్డాక పెద్ద చెరువులోకి వదుల్తాం కదా."

రొయ్యల మేత కంపెనీ నుంచి వచ్చిన ఇద్దరూ నవ్వారు. "మీరు చాలా ముందుచూపున్న మనిషండి రాజుగారూ" అన్నాడొకాయన.

నా చేతిలో రొయ్య అలాగే ఉండిపోయింది. రొయ్య పాడైతే ముందు తల దగ్గర తెలుస్తుంది. ఒళ్లంతా నిగనిగలాడుతూనే ఉంటుంది, తల మాత్రం వేలు తగిలితే ఊడి వచ్చేస్తుంది. ఆయన మాటలు వింటుంటే నాకలాగే అనిపించింది. మాటంతా బాగానే ఉంది. ఎక్కడో తల ఊడుతోంది.

మా ఆయన పేరు అబ్బాయిరాజు. పెద్దమనిషి, నోటి వెంట పొల్లు మాట రాదు అంటారు ఊళ్లో. నిజమే. ఇంట్లో కూడా ఆయన ఎప్పుడూ 'వద్దు' అని అనరు. పోయిన వేసవిలో మా అమ్మడు రాజమండ్రిలో స్నేహితురాలి పెళ్లికి వెళ్తానంటే 'కారు ఖాళీ లేదమ్మా' అన్నారు. కారు వాకిట్లోనే ఉంది. దాని మీద కోడిపుంజు ఎక్కి కూర్చుని ఉంది. కారు ఖాళీ లేదంటే వద్దని అర్థం. నేను మా పుట్టింటికి వెళ్లి నాలుగు రోజులుండి వస్తానంటే 'పట్టుబడి ఉంది కదా' అంటారు. పట్టుబడంటే చెరువులో రొయ్యలు పట్టే రోజు. మాకున్న చెరువుల్లో ఎప్పుడూ ఏదో ఒకటి పట్టుబడికి వస్తూనే ఉంటుంది. ఆ రోజు వలలు లాగేవాళ్లకీ, కొనేవాళ్లకీ, లారీ వాళ్లకీ వంట ఇంట్లోనే. భీమవరం చుట్టుపక్కల రాజుల ఇంట్లో భోజనం చేసినవాళ్లు జన్మలో మర్చిపోరని చెప్పుకుంటారు. వండినవాళ్లని చూసినవాళ్లు మాత్రం ఎవరూ ఉండరు.

అలాంటి మనిషి, ఒక్కగానొక్క కూతురు మిలటరీలో చేరి విమానం నడుపుతానంటే, కాఫీ తాగినంతసేపట్లో సరేనన్నారు. దిగులు పడలేదు. కారు సంగతి ఎత్తలేదు. అమ్మడు ఎగిరి గంతేసి నన్ను వాటేసుకుంది. నేను మాత్రం ఆయన మొహంలోకి చూస్తూ ఉండిపోయాను. కాఫీ గ్లాసు కింద పెట్టి, ఫోను తీసుకుని, ఇంకేదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్లారు.

'ముందు ఇది, తర్వాత అది' అనే మాట నాకు కొత్తది కాదు. నా పెళ్లి మాటలప్పుడు నేను డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. ఫిజిక్సులో కాలేజీ మొత్తానికి నేనే ఫస్టు. 'అమ్మాయి విశాఖపట్నంలో ఎమ్మెస్సీ చదువుతానంటోందండి' అని మా నాన్నగారు నసిగితే, మా మావయ్యగారు చెయ్యెత్తి ఆపారట. 'దానికేం భాగ్యం? ముందు పెళ్లి కానివ్వండి, తర్వాత చదువుకుంటుంది.' నేనప్పుడు ఆ మాట పట్టుకుని మురిసిపోయాను. ఈ ఇంటికి వచ్చేటప్పుడు కారు అద్దాలకి పరదాలు కట్టి తీసుకొచ్చారు. ఘోషా పోయిందని పైకి అనుకునే రోజులే అవి, కానీ పరదాలున్నాయి. వంటింటికీ ముందు హాలుకీ మధ్య గుమ్మానికి కూడా ఒక కర్టెను ఉంది. ఇప్పటికీ ఉంది, ఉతికినప్పుడల్లా మళ్లీ నేనే తగిలిస్తాను. పెళ్లయిన ఏడాది తిరక్కుండానే ఆ కర్టెను వెనక నిలబడి, ధైర్యం కూడగట్టుకుని అడిగాను. 'మావయ్యగారూ, చదువు తర్వాత అన్నారు. తర్వాతంటే ఎప్పుడండీ?'

హాల్లో పదిమంది ఉన్నారు. ఆయన నవ్వుతూ అన్నారు, 'తొందరేముందమ్మా? యూనివర్సిటీ ఎక్కడికైనా లేచిపోతుందా?'

అందరూ పగలబడి నవ్వారు. మా ఆయన కూడా. ఆ తర్వాత అది మా ఇంట్లో ఒక సామెతలా అయిపోయింది. వడ్డన ఆలస్యమైతే 'కంగారు పడకమ్మా, యూనివర్సిటీ ఎక్కడికీ లేచిపోదు' అనేవారు. మావయ్యగారు పోయి చాలా ఏళ్లయింది. ఆ జోకు పోలేదు.

అందుకే అమ్మడిని కూర్చోబెట్టి అడిగాను. దాని పేరు శ్రీసత్య, ఇంజినీరింగు ఆ ఏడే పూర్తి చేసింది. మేడ మీద ఉతికిన బట్టలు మడతపెడుతున్నాం.

"సరే, ఎయిర్‌ఫోర్స్‌లో చేరతావు. విమానాలు నడపడం నేర్పుతారు. నీకు కావలసిన విమానమే ఇస్తారా?"

"అదెలా కుదురుతుందమ్మా? ఫైటర్లు ఉంటాయి, సరుకులూ మనుషుల్నీ మోసే ట్రాన్స్‌పోర్టు విమానాలు ఉంటాయి, హెలికాప్టర్లు ఉంటాయి. ట్రైనింగులో ఎవరెలా చేస్తే దాన్నిబట్టి వాళ్లే పంచుతారు."

"ఎయిర్‌లైన్స్ వాళ్లకి ఏది కావాలి?"

"ట్రాన్స్‌పోర్టు వస్తే చాలా మంచిది. పెద్ద విమానం మీద గంటలు లెక్కకొస్తాయి. హెలికాప్టర్ వస్తే బయటికొచ్చాక మళ్లీ చాలా నేర్చుకోవాలి, లైసెన్సు తిప్పలు."

"అంటే ముందుది వాళ్ల చేతిలో ఉంది. తర్వాతది కూడా వాళ్ల చేతిలోనే ఉందన్నమాట."

అమ్మడు చొక్కా మడత ఆపేసింది. "అమ్మా, నాన్నే ఒప్పుకున్నారు. నువ్వేంటి పోలీసులా అడుగుతావు? నీకిష్టం లేదా?"

ఇష్టం లేదా? ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. అంట్లు తోముతున్నా, చెరువు దగ్గరికి క్యారియరు కడుతున్నా అదే. నేను అనుమానిస్తున్నది మా ఆయన్నా, మిలటరీనా, లేక నన్నా? నాకు దక్కనిది దానికి దక్కుతుంటే నాలో ఎవరో ఒక మనిషి మూల కూర్చుని మూతి ముడుచుకుంటోందా? అలాంటి ఆడవాళ్లని చూశాను. తాము తిన్న దెబ్బలే కోడళ్లకి, కూతుళ్లకి లెక్క తప్పకుండా పంచుతారు. వాళ్లలో ఎవరికీ తాము అలా చేస్తున్నట్టు తెలీదు. నాకు మాత్రం ఎలా తెలుస్తుంది? కూర కలుపుతూ నా మనసులో చెయ్యి పెట్టి వెతికి చూసుకునేదాన్ని. అసూయలాంటిది తగిలేది కూడా. కానీ దాని పక్కనే ఇంకోటి తగిలేది, దానికంటే గట్టిది. అది భయం. ఈ పిల్ల కూడా 'తర్వాత' అనే మాట నమ్మి ఎవరి కారులోనో ఎక్కి కూర్చుంటుందేమోనన్న భయం.

సంగతి మా అత్తగారి నోట్లోంచి బయటపడింది. ఆవిడ పేరు సుభద్రమ్మ. సాయంత్రాలు ఆవిడ మోకాళ్లకి నేనే నూనె రాస్తాను. ఆ రోజు నా మొహం చూసి ఆవిడకి జాలేసినట్టుంది.

"ఎందుకే ఆ దిగులు? పిల్ల అక్కడిదాకా వెళ్తే కదా."

"అదేంటత్తయ్యగారూ?"

"అబ్బాయిరాజు అన్నీ కనుక్కున్నాడు. మైసూరులో ఆ విమానాల వాళ్లు అయిదు రోజులు వడకడతారట. చివర్న కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఏదో పరీక్ష పెడతారట, విమానం నడపడానికి పనికొస్తారా లేదా అని. అది జన్మకి ఒక్కసారేనట. ఒకసారి తప్పితే మళ్లీ ఈ జన్మలో రానివ్వరట. పెద్ద పెద్దవాళ్లే తప్పుతున్నారట. మన నోటితో మనం వద్దనడమెందుకు? వాళ్లే వద్దంటారు. పిల్లకి మన మీద కోపమూ ఉండదు, మళ్లీ ఆ ఊసూ ఎత్తదు." మోకాలు నా వైపు జరిపారు. "ఇక్కడ ఇంకొంచెం రాయి. నీకు చెప్పలేదా వాడు? మర్చిపోయుంటాడు."

నేను రాస్తూనే ఉన్నాను. తల ఎక్కడ ఊడుతోందో తెలిసింది. ఆయన ఒప్పుకున్నది పిల్ల గెలుస్తుందని కాదు, ఓడిపోతుందని. ఆ ఒక్కసారి అనే నియమం ఆయనకి ఎంతో నచ్చి ఉంటుంది. తలుపు తనే వెయ్యక్కర్లేకుండా, తాళంతో సహా ఇంకొకళ్లు వేసిపెడతారు.

అమ్మడికి చెప్పలేదు. చెబితే ఆ కోపంతో మైసూరు వెళ్తుంది. కోపంతో వెళ్లినవాళ్లకి చెయ్యి వణుకుతుంది. తెల్లవారుజామున చెరువు గట్ల మీద అది పరిగెడుతుంటే మేడ మీంచి చూసేదాన్ని. ఆ గట్ల మీద పరిగెత్తడానికి ఆయన అభ్యంతరం చెప్పలేదు. గట్లు మావే, చూసేవాళ్లు ఉండరు.

అది ఓడిపోలేదు. మైసూరులో అయింది, బెంగుళూరులో డాక్టర్ల పరీక్షలూ అయ్యాయి. కొన్ని వారాలకి లిస్టులో పేరు వచ్చింది. అమ్మడు ఫోను పట్టుకుని హాల్లోకి పరిగెత్తి చెబితే మా ఆయన "ఓహో" అన్నారు. ఆ తర్వాత ఒక క్షణం ఆగి "శభాష్" అన్నారు. కర్టెను వెనక నిలబడి నేను ఆ రెండు మాటల మధ్య ఉన్న ఖాళీని విన్నాను.

ఆ సాయంత్రమే మా ఆడపడుచు సంపూర్ణ వదినగారు వచ్చారు. నరసాపురం దారిలో వాళ్ల ఊరు. హాల్లో అక్కా తమ్ముడూ తల్లీ ముగ్గురూ కూర్చున్నారు. నేను కాఫీలు తీసుకెళ్తే మాటలు ఆగిపోయాయి. "నీ రొయ్యల వేపుడు తిని ఎన్నాళ్లయిందో సూర్యకళా" అన్నారు వదినగారు. రొయ్యల వేపుడు గురించి మాట్లాడుకుంటూ మనిషి రాగానే ఎవరూ మాట ఆపరు.

మర్నాటికి మా ఊరి సెంటర్లో ఫ్లెక్సీ లేచింది. మా వైపు పుట్టినరోజుకీ ఫ్లెక్సీయే, పార్టీ పదవికీ ఫ్లెక్సీయే. 'మన ఊరి ముద్దుబిడ్డ, కాబోయే ఫ్లయింగ్ ఆఫీసర్ శ్రీసత్యకి శుభాకాంక్షలు.' అమ్మడి మొహాన్ని ఎవరిదో యూనిఫాం మీద అతికించారు. మెడ రంగు ఒకటి, మొహం రంగు ఒకటి. చుట్టూ బొట్లంత ఫొటోల్లో మా ఆయనా, ఆయన బాబాయిలూ, అన్నదమ్ములూ, మేత కంపెనీ డీలరూ. నేను లేను. ఇంటి ఆడవాళ్ల ఫొటోలు రోడ్డు మీద ఎందుకని ఎప్పుడూ వెయ్యరు. మరి అమ్మడిది రెండు నిలువుల ఎత్తున వేశారేమని ఎవర్నీ అడగలేదు. జవాబు నాకు తెలుసు. నిన్నటిదాకా అది ఇంటి ఆడపిల్ల. ఇప్పుడు ఇంటి గొప్ప.

ఆ ఆదివారం నరసాపురంలో బంధువుల గృహప్రవేశానికి బయల్దేరాం. మా ఆయన కారు నడుపుతున్నారు. అత్తగారు ముందు సీటు, నేను వెనక. అమ్మడు వంట్లో బాగోలేదని రాలేదు. కారుకి ఇప్పుడు పరదాల్లేవు, నల్లద్దాలున్నాయి. సంపూర్ణ వదినగారి ఊరి దగ్గర అరటిగెలల లారీ ఒకటి అడ్డంగా తిరుగుతుంటే కారు ఆగింది. పక్కన కొత్త ఫ్లెక్సీ. చదవడం నేర్చిన కొత్తలో పిల్లలు చదివినట్టు అత్తగారు ప్రతి బోర్డూ పైకి చదువుతారు. అదీ చదివారు.

"మా ఇంటి కాబోయే కోడలు, కాబోయే ఫ్లయింగ్ ఆఫీసర్..."

చదివాక ఆగారు. నేను నల్లద్దంలోంచి చూశాను. అదే అతికించిన యూనిఫాం. పక్కన నల్లకళ్లద్దాలు పెట్టుకుని మా ఆడపడుచు కొడుకు సాయికిరణ్. ఇద్దరి మధ్యా రెక్కలు చాపిన విమానం, దాని చుట్టూ పూలదండ.

మా ఆయన హారన్ మీద చెయ్యి వేసి తియ్యలేదు. "బుద్ధుందా వీళ్లకి? ప్రధానం అయ్యాక వెయ్యమన్నాను కదా" అన్నారు తల్లితో.

ఆ మాట వెనక సీటుదాకా వచ్చేసరికి ఆయనకి నేనున్నానని గుర్తొచ్చింది.

"ఏ ప్రధానమండీ?" అన్నాను.

"ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం."

ఇంటికెళ్లాక ఆయనే అంతా మాట్లాడారు. ట్రైనింగులో ఉండగా పెళ్లి కుదరదట, అది మిలటరీ వాళ్ల రూలట. కాబట్టి పిల్ల వెళ్లే ముందు మాట ఖాయం చేసుకుని చీరా ఉంగరం పెట్టేస్తారు. ట్రైనింగు అయిన వెంటనే ముహూర్తం. సాయికిరణ్ మనవాడు, నెమ్మదైనవాడు, ఉద్యోగానికి అడ్డు చెప్పడు. "అవసరమనుకుంటే కొన్నాళ్లకి అదే మానేస్తుంది. లేదంటే పద్నాలుగేళ్లూ చేసుకుని ఎయిర్‌లైన్స్‌లో చేరి హైదరాబాదులో ఉంటుంది. ఎలా అయినా మనకి మంచిదేగా?"

"అమ్మడికి తెలుసా?"

"తర్వాత చెప్తాను."

మర్నాడు పొద్దున్నే నేను చెరువు గట్టుకి వెళ్లాను. ఈ ఇంటికి కోడలిగా వచ్చాక మా చెరువుల దగ్గరికి నేను వెళ్లినట్టు గుర్తులేదు. క్యారియర్లే వెళ్తాయి. కాపలా మనిషి నన్ను చూసి ఎవరో తెలియక నిలబడిపోయాడు. నీళ్లలో రొయ్యలకి గాలి అందించే చక్రాలు తిరుగుతూ నురగ లేపుతున్నాయి. అమ్మడు అటు చివర్నించి పరిగెత్తుకుంటూ వచ్చి, నన్ను చూసి, ఏదో జరిగిందని ఆగిపోయింది.

నేను చెప్పాను. అది ఆశ్చర్యపోలేదు. వంగి బూటు తాడు కట్టుకోవడం మొదలుపెట్టింది.

"నీకు తెలుసా?"

"తెలుసమ్మా. లిస్టు వచ్చిన రోజే అత్త చెప్పింది. సరేనన్నాను."

"సరేనన్నావా?"

"ఒక చీర పుచ్చుకుంటే ఏమైపోతుంది? గొడవ లేకుండా పంపిస్తారు. వాళ్లు 'తర్వాత' అంటున్నారు కదా, నేనూ తర్వాతే చూసుకుంటాను. ఒకసారి యూనిఫాం వేసుకున్నాక కుదరదని ఫోనులో చెప్పేస్తాను. బావకి కూడా పెద్ద ఇష్టమేం లేదు, వాళ్లమ్మంటే భయం అంతే." లేచి నిలబడింది. "ఇప్పుడు కాదంటే నాయనమ్మకి గుండెనొప్పి వస్తుంది. నాన్న తిండి మానేస్తారు. నేను వెళ్లే రోజున ఇంట్లో ఎవరూ పడిపోకుండా ఉంటే చాలు నాకు."

నా కూతురు నాకంటే తెలివైనదని అంతవరకూ అనుకుంటూ ఉన్నాను. ఆ గట్టు మీద, ఆ చెమట మొహంలో, పాతికేళ్ల కిందటి నన్ను చూశాను. నేనూ అలాగే అనుకున్నాను, ముందు ఈ పెళ్లి కానీ, తర్వాత నా సంగతి నేను చూసుకుంటాను అని. వీళ్లని మోసం చేస్తున్నానని అది అనుకుంటోంది. కానీ ఈ ఇంట్లో పుచ్చుకున్న చీర ఊరికే ఉండదు. ట్రైనింగు అయ్యే నెలకి కల్యాణమండపం మాట్లాడి ఉంటారు. శుభలేఖలు పంచేసి ఉంటారు. 'మాట ఇచ్చి తప్పింది' అనే నింద అక్కడ విమానంలోకి కూడా ఎక్కి కూర్చుంటుంది. అప్పుడు ఒక్కతే, ఎక్కడో పరాయి ఊళ్లో, ఫోనులో ఇంతమందిని ఎలా తట్టుకుంటుంది?

"మైసూరులో ఇంటర్వ్యూ అన్నావు. ఎయిర్‌లైన్స్ సంగతి అడిగారా?"

"అడిగారు. కోచింగులో చెప్పొద్దన్నారు, దేశసేవ గురించే మాట్లాడమన్నారు. ఇంటర్వ్యూ చేసే ఆఫీసరు సూటిగా అడిగేశాడు, పద్నాలుగేళ్ల తర్వాత ఎయిర్‌లైన్స్‌కి పోతావా అని."

"ఏం చెప్పావు?"

"అవును సర్ అన్నాను. ఆ పద్నాలుగేళ్లూ మీరు ఏది నడపమంటే అది మనసు పెట్టి నడుపుతాను, ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోతాను. తర్వాతది నాది అన్నాను." నవ్వింది. "పోయిందనుకున్నా. ఆయన తలెత్తి చూసి రాసుకున్నాడు, అంతే."

నాకు చాలా రోజులుగా అర్థం కానిది అప్పుడు అర్థమైంది. వాళ్ల 'తర్వాత'కి ఒక గడువుంది. ముందే చెప్తారు, ఇన్నేళ్లు మావి, ఆ పైన నీవి అని. అందులో హెలికాప్టరే రావచ్చు, ఇంకేదైనా కావచ్చు, అయినా అది ముఖమ్మీద చెప్పిన బేరం. మా ఇంటి 'తర్వాత'కి గడువు లేదు.

"అక్కడ, ముక్కూమొహం తెలియనివాళ్ల ముందు నిజం చెప్పి నెగ్గావు. ఇంట్లో అబద్ధం చెప్పి వెళ్తావా?"

"ఇక్కడ నిజం చెబితే నెగ్గలేంగా" అంది. మళ్లీ వంగి, కట్టిన బూటు తాడే విప్పి కట్టుకుంది. అది భయపడుతున్నట్టు అంతవరకూ నాకు కనిపించలేదు.

"సాయికిరణ్‌ని చేసుకోవడం నీకిష్టమా? నాకు ఒక్కటే చెప్పు."

తల అడ్డంగా ఊపింది.

"అయితే నువ్వేం మాట్లాడకు. నీ మాట నేను చెప్తాను. వద్దనుకుంటే ఇప్పుడే ఆపు నన్ను."

నీళ్లకేసి చూస్తూ నిలబడింది. ఆపలేదు.

ప్రధానం రోజున పొద్దున్నుంచీ వండాను. రొయ్యల వేపుడు, చేపల పులుసు, గోంగూర మాంసం. పూతరేకులు బయట్నించి తెప్పించారు. ఏదీ తగ్గించలేదు. ఉప్పు కూడా ఎప్పటికంటే జాగ్రత్తగా వేశాను. ఎవరూ తర్వాత కోపంతో పాడుచేసిందని అనకూడదు. వండుతున్నంతసేపూ ఆయన్ని గమనిస్తూనే ఉన్నాను. ఆయన కూడా నన్ను గమనిస్తున్నారని తెలుసు. వంటింటి గుమ్మం దగ్గరికి రెండుసార్లు వచ్చి "అంతా సిద్ధమేనా?" అన్నారు. "సిద్ధమేనండి" అన్నాను. నా నెమ్మది చూసి ఆయనకి ఎక్కడో అనుమానం వచ్చే ఉంటుంది. ఇన్నేళ్లలో మొదటిసారి, అనుమానపడే పని ఆయనకి పడింది.

వదినగారు వాళ్లు వచ్చారు. హాలు నిండిపోయింది. అమ్మడు గోడ పక్కన సోఫాలో, సాయికిరణ్ ఎదురుగా. కట్టిపడేసినట్టు కూర్చున్నాడు పాపం. గోడ మీద మావయ్యగారి ఫొటో, కొత్త దండతో. పళ్లెం పుచ్చుకోవాల్సింది పిల్ల తల్లి కాబట్టి నన్ను పిలిచారు. చేతులు కడుక్కుని, కర్టెను పక్కకి లాగి, హాల్లోకి వచ్చాను.

వదినగారు పళ్లెం ముందుకి చాపారు. పట్టుచీర, దాని మీద ఉంగరం పెట్టె, చుట్టూ పూలు.

"పుచ్చుకో సూర్యకళా."

నేను చేతులు చాచలేదు.

"ఈ చీర ఇప్పుడు పుచ్చుకోనండీ వదినగారూ. ఈ సంబంధం అమ్మడికి ఇష్టం లేదు. అబ్బాయి మంచివాడే, ఇది మీ అందరికీ చెప్పకుండా చీర తీసుకోవడం వాడికి కూడా అన్యాయం. ముందు అది వెళ్లి దాని పని అది చూసుకుంటుంది. పెళ్లి సంగతి తర్వాత."

మా ఆయన లేచారు. "ఏంటిది?" అన్నారు, నా ఒక్కదానికే వినపడేట్టు. "లోపలికి పద. మాట్లాడుకుందాం."

"ఇక్కడే మాట్లాడండి. వింటాను" అన్నాను.

అత్తగారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. అమ్మడి చూపు నా మీదికి తిరిగింది.

"సాయీ, నీ పక్కన చెంబులో నీళ్లున్నాయి. అమ్మమ్మగారికి ఇవ్వు నాయనా" అన్నాను.

వాడు బతికిపోయినట్టు లేచి నీళ్లిచ్చాడు. ఆవిడ తాగారు. నొప్పి సంగతి మర్చిపోయి నా వంకే చూస్తూ కూర్చున్నారు.

వదినగారి చేతిలో పళ్లెం ఇంకా గాల్లోనే ఉంది. "తర్వాతంటే ఎప్పుడు?" అన్నారు. ఆవిడ గొంతులో కోపం కంటే అయోమయం ఎక్కువుంది. "మేం ఊళ్లో ఫ్లెక్సీ కూడా వేసేసుకున్నాం. తర్వాతంటే ఎప్పుడు సూర్యకళా?"

అదే హాలు. అదే ప్రశ్న. ఇన్నాళ్లకి దాని జవాబు చెప్పే వంతు నాకొచ్చింది. మావయ్యగారి ఫొటో వైపు చూడకుండానే, ఆయన గొంతులో ఉండే ఆ ఆప్యాయత కూడా తగ్గకుండా చెప్పాను.

"తొందరేముందండీ వదినగారూ? సంబంధం ఎక్కడికైనా లేచిపోతుందా?"

మూల కూర్చున్న చినమావయ్యగారు అలవాటుకొద్దీ నవ్వబోయి, ఎవరూ నవ్వడం లేదని చూసి, నోరు మూసుకున్నారు.

వంటింట్లోంచి వేపుడు వాసన వస్తోంది. వేళ దాటింది. ఇంత జరిగినా అందరి కళ్లూ నా వైపే ఉన్నాయి, ఇక లోపలికి వెళ్లి విస్తళ్లు వేస్తానని. నేను వెళ్లి సోఫాలో అమ్మడి పక్కన కూర్చున్నాను.